మంచం కింది పిల్ల

ఎవరేమడిగినా కాళహస్తయ్యాచార్యులు నోటితో జవాబివ్వరు. చేతిలో ఉలి పక్కనబెట్టి, అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆయన దగ్గర ఆరేళ్ళుగా రాతిపని నేర్చుకుంటున్న నాగలింగానికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒక సాయంత్రం అడిగాడు.

“స్వామీ, మా కామాక్షికి ఏడేళ్ళు. ఒక్కసారి చూసిన ఇంటిని అగ్గిపెట్టెలతో కట్టేస్తుంది. పెద్దవాళ్ళం పట్టించలేని సామానంతా ఒక్క పెట్టెలో సర్దేస్తుంది. ఆకారాలు ఆ పిల్ల కంట్లోనే ఉన్నాయని బడిలో పంతులమ్మ కూడా అంది. బడి వదిలాక చదరంగానికి పంపనా, బొమ్మలు గీయడానికా, రోబోలు చేయించే క్లాసుకా? ఇంత విద్య నా చేతుల్లో పడి పాడైపోతుందేమోనని భయంగా ఉంది.”

“వారం రోజులు బడి వదలగానే పిల్ల ఎటు పోతే అటు వెంట నడువు. నోరు మాత్రం విప్పకు” అన్నారు ఆచార్యులు.

నాగలింగం నడిచాడు. కామాక్షి తిన్నగా ఇంటికి రాకుండా, వెనక వీధిలో నులక మంచాలు అల్లే హుసేనమ్మ పంచకు వెళ్ళింది. పుస్తకాల సంచి గోడకు ఆనించి, మంచం కింద వెల్లకిలా పడుకుంది. పైనుంచి ముసలమ్మ దించిన నులకను కింద అందుకుని, వరస చూసి మళ్ళీ పైకి పంపుతోంది. కింది నుంచి చూస్తే అల్లిక అంతా తిరగబడి కనిపిస్తుంది. అయినా పిల్ల ఒక్క పేట తప్పలేదు. మూడు రోజులు నాగలింగం అరుగు మీద కూర్చుని ఊరికే చూశాడు.

నాలుగో రోజు పిల్ల చెయ్యి వరస దాటి అవతలికి పోయింది.

“అది కాదే, పక్కది!” అన్నాడు, తనకు తెలియకుండానే.

హుసేనమ్మ చెయ్యి ఆగింది. “తప్పు కాదప్పా. కొత్త రకం గడి వేస్తానని నిన్ననే నన్నడిగింది” అంది.

కామాక్షి మంచం కింద నుంచి వచ్చి, గౌను దులుపుకుని, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మరునాడు అటు పోలేదు. ఆ మరునాడూ పోలేదు. ఇంట్లో అగ్గిపెట్టెలు కూడా ముట్టలేదు. “ఏమైందే?” అని అడిగితే, “నాకు రాదు నాన్నా” అంది.

ఆపై రోజు అతనే హుసేనమ్మ దగ్గరికి పోయి, ఆమెనడిగి, మంచం కింద దూరాడు. కాసేపటికే నులక చిక్కుపడింది. విప్పలేక అవస్థ పడుతుంటే పక్కన చిన్న పాదాలు కనిపించాయి. ఎంతసేపటి నుంచి నిలబడిందో! కామాక్షి తప్పనలేదు, నవ్వలేదు. వంగి లోపలికి వచ్చి, అతని పక్కన పడుకుని, అతనంతట అతను చిక్కు విప్పుకునేదాకా చూసింది. అప్పుడు, “ఇంక నాకియ్యి” అంది.

జరిగిందంతా గురువుకు చెప్పి నాగలింగం తల దించుకున్నాడు. “నాలుగో రోజే మాట్లాడేశాను స్వామీ.”

ఆచార్యులు చేతిలో ఉలి పక్కనబెట్టారు. ఆయన కొడుకు ఉలి వదిలేసి ముప్పయ్యేళ్ళయిందని శిష్యులందరికీ తెలుసు. ఎందుకని ఎవరూ అడగరు.

“మా వాడి దగ్గర నేను మొదటి రోజే మాట్లాడాను” అన్నారు.