గుడ్డు పెట్టకూడదని రాసిన టేకాకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ముంగిసయ్య గుడ్ల దుకాణం పెట్టాడు. ముంగిసకు గుడ్ల దుకాణమేమిటని నవ్వకండి పిల్లలూ. ఆ రోజు అడవిలో ఎవరూ నవ్వలేదు, పూలదండలు పట్టుకుని వెళ్లారు.

ఆ దుకాణంలో పనిచేసే కోళ్లలో చుక్కి ఒకతి. చేరిన రోజున ముంగిసయ్య ఆమె ముందు ఒక టేకాకు పెట్టి, "మనమంతా ఒకే కుటుంబం చుక్కమ్మా, ఇక్కడ గోరు గుచ్చు" అన్నాడు. కుటుంబం అన్నాక చదివి చూస్తే బాగోదు కదా! చుక్కి గుచ్చేసింది.

రోజూ గుడ్డు పెట్టేది. అది దొర్లుకుంటూ దుకాణంలోకి పోయేది. ఒకరోజు గుడ్డు పెట్టాక చుక్కికి లేవబుద్ధి కాలేదు. "దీన్ని పొదుగుతాను. నా పిల్లను నేను కళ్లారా చూసుకుంటాను" అనుకుంది.

"అయ్యో, కూర్చునే జబ్బు!" అంటూ ముంగిసయ్య పరిగెత్తుకొచ్చాడు. గుడ్డు లాక్కుని, చుక్కిని వాగులో మూడు మునకలు వేయించాడు. ఏ కోడి కూర్చున్నా అక్కడ అదే వైద్యం.

చుక్కి తడి ఈకలు దులుపుకుంది. "నేను పని మానేస్తున్నాను."

"నిక్షేపంగా మానెయ్ తల్లీ. టేకాకు మాత్రం ఒకసారి చదువుకో."

చుక్కి అప్పుడు చదివింది. 'పని మానేశాక రెండు వానాకాలాలు గడిచేదాకా ఈ అడవిలో ఎక్కడా గుడ్డు పెట్టను. పెడితే ఆ గుడ్డు దుకాణానిదే.'

లబోదిబోమంటూ కిరీటి దగ్గరికి పరిగెత్తింది. కిరీటి పుంజు. ఆ ఆకు రాసిన వకీలు.

"బాబాయ్, గుడ్డు నా కడుపులోంచి వస్తుంది. ఎలా ఆపను?"

"మనసుంటే ఆగుతుంది. ఆడదానికి నిగ్రహం ఉండాలి."

"మీరెప్పుడైనా ఆపారా?"

"ఇంతవరకు ఒక్కటి కూడా రానివ్వలేదు. నిగ్రహమంటే అదీ!" అని కిరీటి రొమ్ము విరుచుకున్నాడు.

చివరికి గొడవ న్యాయాధికారి దున్నపోతు ముందుకు వెళ్లింది. ఆయన ఏ మాటనైనా నెమరువేయకుండా తీర్పు చెప్పడు.

"అయ్యా, గడ్డిలో కూర్చోవడం, కళ్లు మూసుకోవడం, ముక్కడం, తర్వాత కేకలు పెట్టడం, ఇవన్నీ మా దుకాణం రహస్యాలు. ఈమె వాటిని బయటికి మోసుకుపోతోంది" అన్నాడు ముంగిసయ్య.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, చుక్కికి గుడ్డు వచ్చేసింది. గుడ్లకు వాయిదాలు తెలియవు కదా! ఆపుకోలేక కేక కూడా పెట్టింది.

"చూశారా, రహస్యం బయటపెట్టేసింది!" అని కిరీటి ఎగిరి గంతేశాడు.

దున్నపోతు నమిలి నమిలి, "ఆకు ప్రకారం గుడ్డు దుకాణానిదే" అన్నాడు.

అయినా చుక్కి గుడ్డు మీదనుంచి లేవలేదు.

"అలాగే అయ్యా. గుడ్డు ఆయనదే. మరి దాని మీద నేను కూర్చోకూడదని రాశారా?"

దున్నపోతు ఆకు అటూ ఇటూ తిప్పాడు. "లేదే."

"ఎప్పుడు అప్పజెప్పాలో రాశారా?"

"అదీ లేదు."

కిరీటి తుర్రుమన్నాడు. ఎలా రాస్తాడు పాపం? పొదగడం అనే పని ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు.

"అయితే నేను లేచాక ఇచ్చేస్తాను" అంది చుక్కి.

ముంగిసయ్య పగలబడి నవ్వాడు. "ఎంతసేపు కూర్చుంటావే? ఆకలేస్తే నువ్వే లేస్తావు. సరే, ఒప్పుకున్నాను!" అని ఆకు చివర ఆ మాట రాయించి, తన గోరు గుచ్చాడు.

వాగులో ముంచడం తప్ప, కూర్చున్న కోడిని కడదాకా ఆయన ఎన్నడూ చూడలేదు మరి.

చుక్కి కూర్చుంది. పొద్దు గూకింది, కూర్చునే ఉంది. వాన కురిసింది, కూర్చునే ఉంది. దుకాణంలోని కోళ్లు వంతులేసుకుని ముక్కున గింజలు తెచ్చి పెట్టాయి.

"ఏమే చుక్కీ, కాళ్లు తిమ్మిరెక్కలేదూ?"

"ఎక్కాయక్కా. కానీ కింద ఏదో టకటక కొడుతోంది. విను."

కోళ్లు చెవి ఆనించి విన్నాయి. విన్న కోడి విన్నట్టే దుకాణానికి వెళ్లి తన గుడ్డు మీద కూర్చుంది. ముంగిసయ్య ఒకదాన్ని వాగుకు మోసుకెళ్లి వచ్చేసరికి ఇంకో రెండు కూర్చునేవి. మునకలు వేయించీ వేయించీ ఆయనకే జలుబు చేసింది.

ఒక ఉదయం చుక్కి లేచింది. రెక్క కిందనుంచి పసుప్పచ్చని పిల్ల తూలుతూ బయటికొచ్చింది. చుక్కి దాన్ని కళ్లారా చూసుకుంది. తర్వాత రెండు పెంకు ముక్కలు ముక్కున కరుచుకుని వెళ్లి, ముంగిసయ్య ముందు పెట్టింది.

"ఏమిటే ఇది?" అన్నాడాయన తుమ్ముతూ.

"మీ గుడ్డు. లేవగానే తెచ్చాను."

"మరి ఆ పిల్ల?"

"ఆకులో పిల్ల మాట ఉందేమో వెతుక్కోండి" అని చుక్కి పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

నీతి: కుటుంబమని పిలిచి సంతకం అడిగితే ముందు చదవండి. పెట్టేశాక తెలిసిందా, ఏడుస్తూ కూర్చోక మళ్లీ చదవండి. మీ పని ఏమిటో తెలియనివాడు దాన్ని పూర్తిగా కట్టేయలేడు.