తగ్గిందా అమ్మా?

చయనులు గారి వైద్యంలో ఒక వింత ఉండేది. రోగిని ఎన్నడూ "తగ్గిందా?" అని అడిగేవారు కాదు. రాత్రి ఏ పక్కకు పడుకున్నావనీ, అన్నం ఎవరు కలిపి పెట్టారనీ అడిగేవారు. శిష్యుడు పానకాలుకు ఇదంతా వట్టి చాదస్తంగా తోచింది.

"గురువుగారూ, తగ్గిందో లేదో రోగినే అడిగితే తేలిపోదా?" అన్నాడొకనాడు.

జవాబుగా ఆయన సూరాయమ్మను అతనికి అప్పగించారు.

సూరాయమ్మది మొండి చర్మరోగం. నెలల తరబడి ఊరుకునేది. తిరగబెట్టిందంటే మాత్రం ఒళ్ళంతా ఎర్రబారి, చీముపొక్కులు లేచి, జ్వరంతో ప్రాణం మీదికి వచ్చేది. దానికి పానకాలు సొంతంగా కొత్త లేపనం నూరి ఉంచాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, అంతటి మందు మరొకటి లేదని అతని నమ్మకం.

"మళ్ళీ తిరగబెట్టింది, నీ లేపనం వాడి చూడు. వికటిస్తే పాత మందు నా దగ్గరుంది. ఆలస్యం మాత్రం చేయకు" అన్నారు గురువు.

లేపనం కోడలు పూసేది. పానకాలు రోజూ వెళ్ళి, గుమ్మంలోనే కళ్ళింతలు చేసుకుని "తగ్గిందా అమ్మా?" అనేవాడు. మెడదాకా దుప్పటి కప్పుకున్న సూరాయమ్మ "తగ్గింది నాయనా, మీ చేతి చలవ" అనేది. ఇంకేం, అతని కాళ్ళు నేలమీద ఆనేవి కావు. దుప్పటి తీయమనడానికి మొహమాటపడి, ఆ మాటే మూటగట్టుకుని వచ్చేసేవాడు.

ఒకనాడు ఆ కోడలు లేత అరటాకు కోసం గురువుగారి పెరట్లోకి వచ్చింది. ఆయన ఆకు కోసిచ్చి, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఆమె వెనకే నడిచారు.

వీళ్ళను చూడగానే సూరాయమ్మ గబగబా దుప్పటి లాక్కుంది. పానకాలు అడగనే అడిగాడు. ఆవిడ తగ్గిందని అననే అంది.

"రాత్రి ఏ పక్కకు పడుకున్నావమ్మా?" అన్నారు గురువు.

ఆవిడ ఇక దాచలేకపోయింది. "పడుకోవడమెక్కడ బాబూ! కూర్చునే తెల్లవారుస్తున్నాను."

కోడలు దుప్పటి తొలగించింది. వీపంతా పచ్చిపుండు. ఊడిన చర్మం పొరలు పొరలుగా పుండు ఒరుసుకోకుండా వీపు వెనక ఆనించిన లేత అరటాకుకు అంటుకుపోయి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"మరి నాతో తగ్గిందన్నావేమమ్మా?" అన్నాడు పానకాలు.

"అంత ఆశగా అడుగుతుంటే లేదని ఎట్లా అనేది నాయనా? మీ మొహం చిన్నబోదూ?"

అయ్యో, ప్రాణం పోతున్నా ఈ మహాతల్లి చూసింది నా మొహమా! పానకాలు సిగ్గుతో చచ్చిపోయాడు. చయనులు గారు సంచిలోంచి పాత మందు తీసి, కోడలి చేత ఒళ్ళంతా అద్దించారు. అంతసేపూ అతను మందుగిన్నె పట్టుకుని నిలబడ్డాడే కాని, తల ఎత్తి ఆవిడ వంక చూడలేకపోయాడు. పొద్దువాలే వేళకు జ్వరం దిగింది. సూరాయమ్మ పక్కకు ఒరిగి నిద్రపోయింది.

తిరుగుదారిలో పానకాలు "అయితే నా మందు పనికిరానిదేనా గురువుగారూ?" అన్నాడు.

"నీ మందు సంగతి ఇంకా తెలియదు నాయనా," అన్నారు చయనులు గారు. "ఇన్నాళ్ళూ ఆవిడ నీకు చేసిన వైద్యం మాత్రం బాగానే పనిచేసింది."