డబ్బా మీది చీటీ

వర్ధనికి దిగులు పట్టుకుంది. చేసిన పని అందరూ మెచ్చుకున్నారు. గురువుగారు ఒక్కరే మెచ్చుకోలేదు.

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టే మనిషి కాదు. అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "చూద్దాంలే అమ్మా" అన్నారు. శిష్యులకి అన్నం సయించకుండా చెయ్యడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ గురువుగారి పేరు దేవదానం మాస్టారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చాలా ఏళ్ళ కిందట ఆయనా, ఆయన దగ్గర చదువుకున్న కొందరూ కలిసి కంప్యూటర్ల కోసం 'గూడు' అనే డెస్క్‌టాప్ తయారు చేశారు. కంప్యూటర్ తెరవగానే కనిపించే తెర, అందులోని ఫోల్డర్లు, వెతికే గడి, అన్నీ తెలుగులోనే ఉంటాయి. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు. బాగుచేసి నలుగురికీ పంచుకోవచ్చు. జీతం లేకపోయినా పోట్లాడుకుంటూ పనిచేసే మనుషులు దానికి ఊరూరా ఉన్నారు.

గూడులో ఫైళ్ళు వెతికే భాగం మాస్టారు స్వయంగా రాసింది. దానికి తెలుగు బాగానే వచ్చు కానీ, మరీ నెమ్మది. ఒక మాట కొట్టి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చినా ఇంకా వెతుకుతూనే ఉంటుంది. దాని చోట మంచిది ఒకటి ఎంచి పెట్టమని అందరూ కలిసి వర్ధనికి అప్పగించారు. ఆవిడ మాస్టారు చివరగా పాఠం చెప్పిన పిల్లల్లో ఒకతె. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక చిక్కినప్పుడల్లా గూడు పని చేసేది.

వర్ధని వెతికే పరికరాలు, అంటే ప్రోగ్రాములే, మూడు తెచ్చి పరీక్ష పెట్టింది. ఒకటి వేగంగానే వెతికింది కానీ, అది నడిచినంతసేపూ పాత కంప్యూటర్ల ఫ్యాను గోలపెట్టేసింది. రెండోది ఏ గోలా చెయ్యని నెమ్మదస్తురాలు, పాపం దానికి తెలుగు రాదు. 'పిల్లలు' అని వెతికితే 'పిల్లలకి' అని ఉన్న ఫైలు దానికి కనపడదు. మూడోది మాత్రం రత్నం. పిల్లలకి, పిల్లలతో, పిల్లలే, అన్నీ పట్టుకొచ్చి ముందు పెట్టింది, అదీ రెప్పపాటులో. వర్ధని మురిసిపోయింది. మురిసిపోవాల్సిన సంగతే.

ఇక మిగిలింది దాచుకునే చోటు. వెతికే పరికరం ఫైళ్ళన్నీ ముందుగా చదివి, ఏ మాట ఎక్కడుందో ఒకచోట పోగుచేసుకుంటుంది. ఆ చోటుని గూడువాళ్ళు గాదె అంటారు. గూడులో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఏ ఫైలుకైనా మనం ఒక చీటీ అంటించుకోవచ్చు. ఫోటోకి 'ఎడంపక్క నవ్వుతున్నది మా మేనత్త' అని రాసుకోవచ్చు. ఆ చీటీలు ఫైల్లో ఉండవు. అవీ ఆ గాదెలోనే ఉంటాయి.

కొత్త పరికరానికి వర్ధని కొత్త గాదె కట్టింది. అది పెట్టగానే పాత గాదెని తుడిచేస్తుంది, ఫైళ్ళన్నీ మళ్ళీ చదువుకుంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ అదొక అలవాటు. గాదె పాడైతే మరమ్మతు చేస్తూ కూర్చోరు. తుడిచేసి మళ్ళీ నింపుతారు. ఫైళ్ళు ఎక్కడికీ పోవు కదా అని వాళ్ళ ధీమా.

అందరూ ఫోన్లో వీడియో పెట్టుకుని కలిసిన రోజున శ్రీకాకుళం నుంచి ఒకాయన అడిగాడు, "మరి పాత చీటీల సంగతి?"

"అవి కొత్తదాన్లోకి రావండి. వాటి కట్టడం వేరు" అంది వర్ధని. "అయినా చీటీలు రాసేవాళ్ళు ఎంతమందండీ? రాసినవాళ్ళు మళ్ళీ రాసుకుంటారు."

అందరూ నవ్వి సరేనన్నారు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నది అప్పుడే.

తను రాసింది తీసేస్తున్నామని ఆయన మనసు కష్టపెట్టుకున్నారేమో అనుకుంది వర్ధని. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా ఆ అనుమానాన్ని వదల్లేదు.

గూడువాళ్ళకి ఒక ఆచారం ఉంది. పాత పని తీసి కొత్తది పెట్టేటప్పుడు, ఆ పాత పని ఎవరిదో వాళ్ళింటికి వెళ్ళాలి. కొత్తదాన్ని మొదట వాళ్ళ కంప్యూటర్లోనే పెట్టాలి. వాళ్ళు చూసి ఒప్పుకుంటేనే మిగతా ఊళ్ళకి పంపుతారు. ఆ ఆచారం మాస్టారు పెట్టిందే.

అందుకని ఒక ఆదివారం పూట, చర్చి వదిలే వేళ చూసుకుని, వర్ధని జగన్నాథపురంలో మాస్టారింటికి వెళ్ళింది.

మాస్టారు ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నారు. ఇంట్లో ఆయన ఒక్కరే. భార్య సువార్తమ్మగారు పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉన్నప్పుడు ఈ ఇంటికి వస్తే ఏదో ఒకటి తినకుండా బయటపడడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇప్పుడు ముందుగది మరీ శుభ్రంగా ఉంది. మగవాళ్ళు ఒంటరిగా ఉండే ఇల్లు అంత శుభ్రంగా ఉంటే చూడ్డానికి బాధగా ఉంటుంది.

"కూర్చోమ్మా. పెట్టెయ్ నీ కొత్తది" అన్నారు మాస్టారు, తన కంప్యూటర్ ముందు కుర్చీ జరిపి.

వర్ధని కూర్చుంది. కొత్త పరికరం ఎక్కించింది. అంతా అనుకున్నట్టే సాగి, చివర తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. 'పాత గాదె తుడిచెయ్యాలా?' దాని కింద 'సరే' ఒకటి, 'వద్దు' ఒకటి. ఆ ప్రశ్న వర్ధని రాసిందే. మౌస్‌ని 'సరే' మీదికి తీసుకెళ్ళింది.

"ఆగమ్మా" అన్నారు మాస్టారు. "ముందు టీ తాగుదాం. ఇవాళ నువ్వు పెట్టు."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. మాస్టారు అలమరలోంచి స్టీలు డబ్బా ఒకటి తీసి వర్ధని చేతికిచ్చారు, పక్కన టీ పొడి ప్యాకెట్ ఒకటి పెట్టారు.

"ఇందులో పొడికి చెమ్మ పట్టిందమ్మా. పారబోసి, డబ్బా శుభ్రంగా తోమేసి, ఈ కొత్తది పొయ్యి."

వర్ధని పాత పొడి పారబోసింది. పంపు తిప్పి డబ్బా లోపలంతా తోమింది. బయట తోముదామని తిప్పేసరికి దాని మీద అంటించిన కాగితం కనపడింది. అంచుల్లో టేపు పసుపు పచ్చగా మారింది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు.

'టీ పొడి. ఆయనకి చెంచాన్నర. ఇంకొంచెం వెయ్యమంటారు. వెయ్యొద్దు.'

వర్ధనికి నవ్వొచ్చింది. సువార్తమ్మగారు పక్కనే నిలబడి చెప్పినట్టుంది. ఇంకోసారి చదువుకుంది.

"బయట కూడా తోమమ్మా" అన్నారు మాస్టారు, గుమ్మానికి ఆనుకుని. "పీచు పెట్టి గట్టిగా రుద్దు."

"చీటీ తడిసిపోద్దండీ."

"తడిస్తే ఏం? అందులో ఉన్నది టీ పొడేనని నాకు తెలీదా? కావాలంటే ఇంకోటి రాసుకుందాం."

వర్ధని పీచు కింద పెట్టేసింది. డబ్బాని పంపుకి దూరంగా జరుపుకుంది.

"పొడిదేముందండీ, ఎన్నిసార్లైనా కొనుక్కోవచ్చు. ఇది..."

ఫోన్లో అందరూ నవ్విన ఆ రోజు తను అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. పంపు నీళ్ళు అలా పడుతూనే ఉన్నాయి.

మాస్టారు వచ్చి పంపు కట్టేశారు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చారు.

వర్ధని చీటీ చుట్టూ చుక్క తడి తగలకుండా డబ్బా తుడిచింది. కొత్త పొడి పోసింది. చెంచాన్నర వేసి టీ పెట్టింది. ఆ టీ గ్లాసులతో ఇద్దరూ మళ్ళీ ముందుగదిలోకి వచ్చారు.

తెర మీద ప్రశ్న అలాగే ఉంది. మౌస్ కూడా వదిలిన చోటే, 'సరే' మీద ఉంది. వర్ధని దాన్ని జాగ్రత్తగా జరిపి, 'వద్దు' నొక్కింది.

"మాస్టారూ, అమ్మగారు ఇందులో కూడా చీటీలు రాశారా?"

"వెతికి చూడు. ఆదివారం బడి పాటలన్నీ ఇందులోనే ఎక్కించేది."

ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది సువార్తమ్మగారే. వర్ధని మాస్టారి పాత గడిలో 'పిల్లలు' అని కొట్టింది. అది తన మామూలు నడకలో బయల్దేరింది. ఇద్దరి టీ అయిపోయింది. అప్పుడు ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి.

అన్నీ పాటల రికార్డింగులు. ఫైళ్ళ పేర్లు ఉత్త అంకెలు. ఏ పాట ఏదో, ఎవరు పాడారో, ఆ అంకెల్ని చూసి దేవుడు కూడా చెప్పలేడు. చెప్పేది కింద ఉన్న చీటీలే.

'రూతమ్మ ఇవాళ గొంతు విప్పింది. పిల్లలందరూ పాడడం మానేసి దాన్నే చూశారు.'

'పిల్లల్లో ఏసోబు శ్రుతి తప్పాడు. మొన్ననే వాళ్ళ నాన్న పోయాడు. నేనేమీ అనలేదు.'

'పిల్లలు బాగా పాడారు. మధ్యలో దగ్గింది మా ఆయన. ఆ దగ్గు తీసెయ్యొద్దు.'

వర్ధని ఆ మూడోది చదివి ఇక ఆపుకోలేకపోయింది. మాస్టారు వేరేవైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది.

"వీటికి మీ దగ్గర నకలు ఉంది కదండీ?"

"లేదమ్మా."

"లేదా!" వర్ధని కుర్చీలోంచి లేచిపోయింది. "తీసి ఉంచుకోకపోతే ఎలాగండీ? నేను నొక్కేసుంటే?"

"మన గూడు వాడేవాళ్ళు తీసి ఉంచుకుంటారా?"

ఉంచుకోరని వర్ధనికి తెలుసు. వాళ్ళు గూడుని నమ్ముకుని చీటీలు అంటించుకుంటారు, అంతే.

"నాకు ముందే చెప్పుండాల్సింది మాస్టారూ" అంది, మళ్ళీ కూర్చుంటూ. "ఇందులో అమ్మగారి రాతలున్నాయి జాగ్రత్త అని ఒక్క మాట చెప్తే..."

మాస్టారు నెమ్మదిగా అన్నారు, "చెప్తే నావి ఒక్కటే దాచేదానివమ్మా."

వర్ధని ఇంటికెళ్ళి మళ్ళీ మొదటినుంచి కూర్చుంది. మూడో పరికరాన్ని మార్చలేదు. అది రత్నమే. దాని గాదెలో మాత్రం చీటీలు పెట్టలేదు. వాటికి విడిగా ఒక చోటు కట్టింది. గాదె పాడైనా, ఎవరు ఎన్నిసార్లు తుడిచి నింపినా, చీటీల జోలికి రాకుండా కట్టింది. పాత చీటీలన్నీ ఒక్కటి కూడా పోకుండా అందులోకి తెచ్చే దారి వెయ్యడానికే ఎక్కువ కాలం పట్టింది. గూడువాళ్ళు విసుక్కున్నారు. శ్రీకాకుళం ఆయన అయితే, ఇంకా ఎన్నాళ్ళమ్మా అని అడగడమే పనిగా పెట్టుకున్నాడు. అన్నీ పడింది. వానాకాలం అలా గడిచిపోయింది.

మళ్ళీ ఒక ఆదివారం జగన్నాథపురం వెళ్ళింది. ఈసారి కొత్తది ఎక్కించేముందు, మాస్టారు వద్దన్నా వినకుండా, ఆయన చీటీలన్నిటికీ నకలు తీసి పక్కన పెట్టింది.

"కొట్టండి మాస్టారూ" అంది.

మాస్టారు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'పిల్లలు' అని కొట్టారు. కళ్ళద్దాలు సవరించుకునేలోపే తెర నిండిపోయింది. ప్రతి అంకె కిందా దాని చీటీ ఉంది. ఆయన కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగారు. ఆ పాట పెట్టారు. గదినిండా పిల్లల గొంతులు. మధ్యలో ఎక్కడో వెనకనుంచి ఒక మగమనిషి దగ్గు వినపడింది. మాస్టారు తల కొంచెం వంచుకుని ఆ పాట చివరిదాకా విన్నారు.

"పంపించెయ్ అమ్మా, అందరికీ" అన్నారు. "నా పాతది తీసెయ్. బాగా ముసలిదైపోయింది."

వర్ధని వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేశారు. ఆ ముఖంలో సంతోషం చూశాక, ఇన్నాళ్ళూ తను ఎలాంటి అనుమానం పెట్టుకుందో తలుచుకుని ఆమెకి కళ్ళెత్తి చూడబుద్ధి కాలేదు. టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నీళ్ళు మరుగుతుంటే ముందుగదిలోంచి మాస్టారి గొంతు వినపడింది.

"ఇవాళ ఇంకొంచెం పొడి వెయ్యమ్మా."

వర్ధని చేతిలో డబ్బా ఉంది. కాగితం వైపు చూసింది.

"వెయ్యొద్దన్నారండీ" అంది.

ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"చదవడానికి వస్తోందా ఇంకా?" అని అడిగారు మాస్టారు.

"బాగా వస్తోందండీ" అంది వర్ధని, చెంచాన్నర కొలిచి వేస్తూ.