రేకుల గదిలో గ్యాస్‌బండ

విను బుజ్జమ్మా. అనగనగా, వేసవి వస్తే రాళ్ళు కూడా సెగలు కక్కే ఒక ఊళ్ళో వెంగమాంబ అని ఒకావిడ ఉండేది. మొగుడు లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది వెంగమాంబ, ఆవిడ ఐదేళ్ళ కూతురు సుగుణ. వెంగమాంబ చెయ్యి మంచిది. ఆవకాయ కలిపితే వీధంతా ఘుమఘుమలే. నోరే, బుజ్జమ్మా, కాస్త దురుసు.

ఆ ఊళ్ళో ఇంటింటికీ గ్యాస్‌బండలు వేసేది మీరావలి. పెద్దవాడు. రిక్షా తొక్కుకుంటూ వచ్చి, బండను భుజాన మోసుకొచ్చి పొయ్యికి తగిలించి, ఎక్కడా కారట్లేదని చూసుకుని గానీ కదిలేవాడు కాదు. వెంగమాంబ అతన్ని బాబాయ్ అని పిలిచేది.

ఆవిడకి రెండు బండలుండేవి. ఒకటి పొయ్యికి. నిండుగా ఉన్న రెండోదాన్ని పెరట్లో రేకుల గదిలో దాచింది. ఆ గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం పైరేకు అట్లపెనంలా కాలేది.

ఒకరోజు ఖాళీ బండ కోసం వచ్చిన మీరావలి ఆ గదిలోకి తొంగిచూశాడు. నిండుబండ అడ్డంగా పడుకుని ఉంది. దాని మీద పాత దుప్పటి.

"అమ్మాయ్, దీన్ని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెట్టకూడదు" అని, తనే లేపి నిలబెట్టాడు.

"సరే బాబాయ్" అంది వెంగమాంబ. అప్పుడు అతను వెళ్ళాడు. ఆ తర్వాత ఆవకాయ జాడీలకి చోటు చాలలేదని ఆవిడ మళ్ళీ పడుకోబెట్టింది.

ఇంకోరోజు వచ్చి చూస్తే బండకి మూత లేదు. మూతని కట్టిన నైలాను తాడు జాడీకి వాసెన కట్టడానికి పనికొస్తుందని వెంగమాంబ కోసేసుకుంది. మూత ఎక్కడో పడిపోయింది.

"మూత అందానికి కాదమ్మా" అన్నాడు మీరావలి. "లోపల రబ్బరు వాషరు పాడైతే గ్యాస్‌ని ఆపేది అదే. ఈ గదిలో గాలి కూడా ఆడదు. గ్యాస్ పొగలాగా పైకిపోదు, నీళ్ళలాగా నేల మీద పాకుతుంది. బండని నీడకి మార్చు."

"నువ్వొస్తే రోజుకో భయం బాబాయ్" అని నవ్వేసింది ఆవిడ. మూత వెతకలేదు.

మూడోసారి అతనొచ్చేసరికి వెంగమాంబ కారం పట్టించడానికి కూతుర్ని తీసుకుని మిల్లుకెళ్ళింది. మీరావలి కాసేపు చూశాడు. గది తలుపు చేత్తో ముడితే చురుక్కుమంది. అప్పుడు మనసాగక, బండని బయటికి తెచ్చి, ఉత్తరం వైపు పంచలో గాలి తగిలేచోట నిలబెట్టాడు.

సరిగ్గా అప్పుడే వెంగమాంబ వచ్చింది. ఎండలో నడిచొచ్చిన చిరాకో ఏమో, ఒక్కసారిగా నోరు లేచింది.

"నేను లేనప్పుడు నా పెరట్లో నీకేం పనయ్యా? బండ ఎత్తుకుపోదామనా? దొంగబుద్ధి కాకపోతే! నీ చేతులు పడిపోను! ఇంకోసారి నా గడప తొక్కావంటే బాగుండదు!"

వీధిలో నలుగురూ ఆగి చూశారు. మీరావలి భుజం మీది గోనెపట్టా సర్దుకుని వెళ్ళిపోయాడు.

బండ మళ్ళీ రేకుల గదిలోకెళ్ళింది. మళ్ళీ అడ్డంగా పడుకుంది. సాయంత్రానికి కోపం దిగింది. మాట తూలానేమో అనిపించింది ఆవిడకి. రేపు కనబడితే పిలుద్దాంలే అనుకుంది. మర్నాడు అతను వీధిలో కనబడ్డాడు. ఆవిడే తల తిప్పుకుంది.

ఆ తర్వాత మూడో రోజు. పొద్దు బాగా ఎక్కింది. వెంగమాంబ పెరట్లో కట్టెల పొయ్యి మీద వడియాల పిండి ఉడికిస్తోంది. సుగుణ పక్కనే పీట మీద కూర్చుంది. రేకుల గదిలో ఎండకి ఎండీ ఎండీ వాషరు వదులైపోయింది. గ్యాస్ చప్పుడు లేకుండా తలుపు సందులోంచి పాకుతోంది. కట్టెల పొగలో వెంగమాంబకి ఆ వాసన తెలియలేదు.

వీధిలో పోతున్న మీరావలికి తెలిసింది. ముప్ఫై ఏళ్ళు ఆ వాసనతో బతికినవాడు. రిక్షా ఆపాడు. గడప తొక్కొద్దంది కదా, గేటు బయటే నిలబడ్డాడు.

"అమ్మాయ్!" అని పిలిచాడు. ఆవిడకి వినబడింది. పలకలేదు.

"అమ్మాయ్, ఒక్కసారి ఇటు రామ్మా!" అన్నాడు. ఆవిడ గరిటె ఇంకా గట్టిగా తిప్పింది.

"పొయ్యి ఆర్పమ్మా! పిల్లని తీసుకుని బయటికి రా!" అని అరిచాడు. మళ్ళీ మొదలెట్టాడు అనుకుంటూ ఆవిడ మెల్లిగా తల తిప్పింది.

అప్పటికే అతను లోపలికి దూకాడు. సుగుణని ఎత్తి తల్లి చేతుల్లో పడేశాడు. ఇద్దర్నీ గేటు వైపు తోశాడు. తొట్లో నీళ్ళు బకెట్‌తో ముంచి పొయ్యి మీదికి వంగాడు. ఆ నీళ్ళు పడేలోపే నేలంతా భగ్గుమంది.

ఫైరింజను వచ్చి, బండ మీద నీళ్ళు కొట్టి కొట్టి చల్లార్చింది. సుగుణకి ఒక్క వెంట్రుకైనా కమలలేదు. మీరావలికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

మూడు పిలుపులు బుజ్జమ్మా. మొదటి పిలుపుకి పలికుంటే, పొయ్యి ఆర్పుకుని, పిల్లని చంకనేసుకుని, నింపాదిగా నడిచి బయటికి రావడానికి కావలసినంత వ్యవధి ఉంది.

అప్పుడు వెంగమాంబ ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మంలోంచి మీరావలి భార్య ఏడుపు వినబడి వెనక్కొచ్చేసింది. రెండోసారి మంచం దాకా వెళ్ళింది. అతను నిద్రపోతున్నాడు. చేతులకి తెల్లటి కట్లు. బత్తాయిలు పెట్టి వచ్చేసింది. మూడోసారి వెళితే మంచం ఖాళీ. వాళ్ళ కూతురి ఊరికి వెళ్ళిపోయారంది నర్సమ్మ.

వానాకాలం పోయింది. చలికాలం పోయింది. ఆవిడ బండని నీడలో నిలబెట్టింది, మూత పెట్టింది, ఎవరింట్లో తప్పుగా కనబడినా చెప్పింది. కానీ అతనికి చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఆఖరికి ఒకరోజు సుగుణని తీసుకుని బస్సెక్కింది.

మీరావలి కూతురింటి వసారాలో కూర్చుని ఉన్నాడు. వేళ్ళు ముడుచుకుపోయాయి. మనవరాలు అన్నం తినిపిస్తోంది.

"ఓహో, సుగుణమ్మా! ఎంత పెద్దదైపోయింది!" అన్నాడు.

"బాబాయ్" అంది వెంగమాంబ. "నీ చేతులు పడిపోనన్నాను. నన్ను క్షమించు."

మీరావలి మెల్లగా అన్నాడు. "చేతులదేముందమ్మా, పిల్ల దక్కింది. దొంగ అన్నావు చూడు, ఆ మాటకి మా ఇంటిది రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

లోపల్నించి ఎవరో పిలిస్తే మనవరాలు లేచింది. అప్పుడు వెంగమాంబ ఆ పళ్ళెం అందుకుంది. పప్పన్నం మెత్తగా కలిపి ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది. మీరావలి కాస్త ఆగాడు. ఆ తర్వాత నోరు తెరిచాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆవిడ ముద్దలు పెడుతూనే ఉంది. క్షమించానని అతను అనలేదు. అనమని ఆవిడా మళ్ళీ అడగలేదు.

కథేమో కంచికి,
కోపమేమో గంగకి,
బండేమో నీడకి,
బుజ్జమ్మేమో నిద్దరకి.