చీమ నడక వినే మైకు

నాట్ల పాటలు ఒక్కొక్కటే మరపున పడుతుంటే పైరమ్మకు గుబులు పుట్టింది. గుర్తున్నవైనా టేపు చేద్దామని మేనల్లుడు గవరయ్య సంతలో చవగ్గా కొన్న పాత మైకు తెచ్చాడు. టేపురికార్డరు మాత్రం జమీందారుది.

"ఆ తుక్కు తీసెయ్యరా! ఓడలో దిగిన నా సీమ మైకు చీమ నడక కూడా వింటుంది," అని ఆయన తనదే పెట్టించి, పక్కనే కూర్చున్నాడు.

పాటయ్యాక గవరయ్య టేపు వినిపించాడు. పాట నిండా దొరవారి తాంబూలం నములుడు, త్రేన్పులు, "ఈ ముసల్ది ఎంతకీ ఆపదేం?" అన్న గొణుగుడూ!

జమీందారు మొహం కందగడ్డయింది.

"మీ మైకు గొప్పదే దొరా, అందరినీ వింటుంది," అన్నాడు గవరయ్య. " నాది మూతి దగ్గరున్నవాళ్ళనే వింటుంది. మా అత్త పాటకి అది చాలు."

ఆయన పకపకా నవ్వి, పాత మైకు తానే పైరమ్మ ముందు పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇప్పుడు ఎంతైనా నమలండి బాబూ," అంది పైరమ్మ, గొంతు సవరించుకుంటూ.