ఎవరూ తప్పు పట్టలేని మూట

ఓబుళి వచ్చినప్పటి నుంచి నాగూరమ్మకు అన్నం సయించడం లేదు.

ఇది బీబమ్మ జేజి తకియాలో మొదలైన బాధ. ఊరు దాటాక గుట్ట కింద రేకుల వసారా, దాని ముందు మట్టి అరుగు, అరుగు మీద ముసలి జేజి. ఆమె గురువు ఒక ఫకీరు, ఆ తకియా ఆయన ఉండిపోయిన చోటే. ఆయన నేర్పిన జపం ఆమె ఎంత చేసేదో ఎవరికీ తెలీదు గానీ, ఆయన నేర్పిన చెట్ల పని మాత్రం ఊరూరూ తిరిగి చేసేది. ఎండిన కొమ్మ ఇంటి మీదికి వంగినా, పిడుగు పడి మాను చీలినా, పురుగు పట్టి తొర్ర పడినా జేజికే కబురు. చెట్టును కొట్టేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, బతికించేవాళ్లకే కరువు. ఆమె దగ్గర శిష్యరికమంటే కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు. ఎక్కడం, దిగడం, కింద నిలబడి ఇంకొకరికి తాడు పట్టడం.

నాగూరమ్మ అక్కడికి పరికిణీ వయసులో వచ్చింది. అరికాళ్లలో ముళ్లు దిగబడి, గండుచీమలు కుట్టి మోచేతులు వాచి, ఆ పని నేర్చుకుంది. ఓబుళి నిరుడు వానలకు వచ్చింది. వచ్చీ రాగానే ఉడతలా పైకి పాకింది.

"చెట్టుకు ఈ పిల్ల బరువు తెలీదు," అన్నది జేజి ఒకసారి, అన్నం కలుపుకుంటూ. అంతే అన్నది. ఆ మాట నాగూరమ్మ గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది. తన గురించి జేజి ఎప్పుడైనా ఏమైనా అన్నదా అని వెతుక్కుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని అన్నది. తలుపు గడియ వెయ్యమని అన్నది.

ఓబుళికి ముడులు నేర్పింది ఎవరు? నాగూరమ్మ. ఆ ముడులు చూసి జేజి మెచ్చుకున్నది ఎవర్ని? ఓబుళిని. ఇంకా ఘోరమేంటంటే, ఓబుళి మంచిది. పోట్లాడటానికి ఒక్క సందు ఇవ్వదు. అక్కా అక్కా అంటూ వెనకే తిరుగుతుంది, తలకు నూనె రాస్తానంటుంది. చెడ్డవాళ్ల మీద కుళ్లుకుంటే కనీసం ఓ సాకు ఉంటుంది. మంచిదాన్ని చూసి కుళ్లుకునే మనిషికి అది కూడా ఉండదు. ఆ సంగతి నాగూరమ్మకు తెలుసు. తెలిసినందుకు ఇంకా మండేది.

మాఘంలో ఒకరోజు నేతగాడు చెన్నకేశులు వచ్చాడు. అతని మగ్గం పాక పక్కన పెద్ద చింతచెట్టు. దాని కొమ్మ ఒకటి ఎండిపోయి పాక మీదికి వాలింది, గాలికి కిర్రుమంటోంది. మగ్గం మీద పెళ్లి చీర సగంలో ఉంది. ఎప్పుడు కూలుతుందోనని చెవి పైనే పెట్టుకుని నేస్తుంటే పోగులు తెగుతున్నాయన్నాడు. చెట్టు మొదలంటా కొట్టించెయ్యమని అందరూ అంటున్నారట. తాత నాటిన చెట్టు, తనకు మనసొప్పడం లేదట.

ఆ చింత నాగూరమ్మకు తెలుసు. ఆ చుట్టుపక్కల దాన్ని మించిన మాను లేదు. జేజి తర్వాత ఎవరంటే, ఆ చింత ఎక్కి దిగినవాళ్లేనని లోలోపల ఎన్నాళ్లుగానో అనుకుంటూ ఉంది.

"ఓబుళి ఎక్కుతాది," అన్నది జేజి నాగూరమ్మ వైపు తిరిగి. "మూట నువ్వు కట్టు. తాడు నువ్వు పట్టు."

తకియాలో అదొక కట్టుబాటు. ఎక్కే మనిషి తన సామాను తాను ఏరుకోకూడదు. కింద తాడు పట్టే మనిషే ఏరి, మూట కట్టాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, జేజి చెప్పలేదు.

నాగూరమ్మ అక్కడే నిలబడి, చెన్నకేశులు వెళ్లేదాకా ఆగింది.

"ఆ చెట్టు నాకేంటికియ్యవు జేజీ?"

జేజి తమలపాకు ఈనె తీస్తోంది. తలెత్తలేదు.

"ఎక్కేదానికి ఓబుళి ఉండాది. తాడు పట్టేదానికి ఎవురుండారు మే?"

అంటే కింద నిలబడేదానికే నేను, అనుకుంది నాగూరమ్మ. ఇన్నేళ్లూ చేసిన చాకిరీకి మెప్పు ఇదన్నమాట.

పొద్దు వాలేటప్పుడు సామాను గదిలోకి పోయింది. గోడ పొడుగునా కొక్కేలు, వాటికి రంపాలు, కత్తులు, తోలు పట్టీలు. ఓబుళి చేతికి ఇమిడే చిన్న వంపు రంపం మొదటి కొక్కేనికే ఉంది. ఆకురాయితో దానికి ఎప్పుడూ పదును పెట్టేది నాగూరమ్మే. దాని మీదికి పోయిన చెయ్యి వెనక్కి వచ్చింది. పక్కనున్న పెద్ద రంపం తీసింది. మగవాళ్ల చేతికి చేసిన మొరటు పిడి, కాస్త మొద్దుబారిన పళ్లు. జేజి అడిగితే? పెద్ద మానుకు పెద్ద రంపం కాదా జేజీ, అనొచ్చు.

ఓబుళి ఎప్పుడూ కట్టుకునే మెత్తబడిన పట్టీని వదిలి, వెడల్పాటి కొత్త పట్టీ తీసింది. తెగదు, ఊడదు, పక్కటెముకల్లోకి మాత్రం పొడుచుకుంటుంది. అడిగితే? కొత్తది గట్టిది కదా. చిన్న కత్తికి బదులు బరువైన మచ్చుకత్తి పెట్టింది. అడిగితే? చింత చేవ సంగతి నీకు తెలీనిదా.

ఒక్కోదానికీ ఒక జవాబు. పంచాయితీలో పెట్టినా గెలిచే జవాబులు. ఓబుళికి దెబ్బ తగిలేది అందులో ఏదీ లేదు. చేతులు బొబ్బలెక్కుతాయి, ఆయాసపడుతుంది, పని సగంలో వదిలి దిగుతుంది, జనం చూస్తారు. అంతకంటే నాగూరమ్మ ఏమీ కోరలేదు.

తాళ్ల దగ్గర ఆగింది. రెండు చుట్టలున్నాయి. పాతదానికి నడుమ ఒకచోట పురి విడింది, పారెయ్యాలని అనుకుంటూనే ఉన్నారు. దాన్ని కాలితో మూలకు నెట్టింది. రెండోదాన్ని మూరమూరా వేళ్ల మధ్య జరుపుతూ చివరిదాకా చూసి, అప్పుడుగానీ మూటలో పెట్టలేదు. దానికి మాత్రం జవాబు సిద్ధం చేసుకోలేదు.

మూట ముడి వేస్తుంటే ఓబుళి వచ్చి, ఎత్తి చూసి, బరువుందే అంటూ నవ్వింది. విప్పి చూసుకోమంటుందేమోనని నాగూరమ్మ అటు తిరిగి నిలబడింది.

"నువ్వు కట్టినాక నేను చూసేదేముంది అక్కా," అని ఓబుళి వెళ్లిపోయింది.

తెల్లారి చింతచెట్టు కింద ఊళ్లో వాళ్లు కొందరు చేరారు. ఓబుళి మానును తాకి కళ్లకద్దుకుని మూట కోసం వంగింది. మూట ఉబ్బును ఒకసారి చూసి, జేజి తన చేతికర్ర దాని మీద ఆనించింది.

"నువ్వు కూసో పాపా. ఈ పొద్దు నేనెక్కతా."

తమాషా అనుకుని ఓబుళి నవ్వింది. చెన్నకేశులు నవ్వలేదు. ముసలామె మోకాలి సంగతి అందరికీ తెలుసు, ఆమె చెట్టెక్కి ఏళ్లయింది. అతను వద్దని బతిమాలాడు. జేజి వినిపించుకోకుండా చీర కచ్చ పోసి బిగించి, మూట విప్పింది. పెద్ద రంపం పళ్ల మీద బొటనవేలు ఆనించి చూసింది. కొత్త పట్టీని వేళ్లతో వంచి చూసి ఒంటికి బిగించుకుంది. నాగూరమ్మ కాచుకుంది. ఇప్పుడు అడుగుతుంది, జవాబు ఉంది, అడగాలి. జేజి అడగలేదు. తాడు ఒక్కటే మూరమూరా వేళ్ల మధ్య జరిపి చివరిదాకా చూసింది. దాన్ని పైనున్న పంగలోంచి విసిరి దించుకుని, ఒక కొన తన పట్టీకి ముడేసుకుంది, రెండో కొన నాగూరమ్మ చేతిలో పెట్టింది. ఎక్కడం మొదలుపెట్టింది.

తాడు పట్టినవాళ్లకు పైన మనిషి కనిపించకపోయినా అన్నీ తెలుస్తాయి. కాలు ఎక్కడ జారింది, ఊపిరి ఎక్కడ అందలేదు, అన్నీ. జేజి మోకాలు ఒక్కో పంగ దగ్గర మొరాయించడం నాగూరమ్మ అరచేతుల్లోకి దిగుతూ వచ్చింది.

పైన కోత మొదలైంది. బెరడు చీలకుండా ముందు కొమ్మకు కింద నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తారు. పద్ధతి సరే, రంపం కదలాలి కదా. నాలుగు లాగులు లాగడం, ఆగడం. ఆగినప్పుడల్లా తాడు సన్నగా వణుకుతోంది. జేజి ఒక చేత్తో పట్టీని పక్కటెముకల మీద నుంచి కిందికి లాక్కుంటోంది. ఎండ ఎక్కింది. కాసేపటికి రంపం కొమ్మలో ఇరుక్కుని అటూ ఇటూ రాలేదు.

నోరు తెరిస్తే చాలు. తెరిచి ఏం చెప్పాలి? నిన్నటి జవాబుల్లో ఒక్కటీ అక్కరకు రావడం లేదు. ఎవరైనా అడిగితే కదా.

ఓబుళి పక్కకు వచ్చింది. "అక్కా, చిన్న రంపం మర్చిపోయినట్టుండావు. ఉరికిపోయి తెచ్చేదా?"

అంతకంటే మంచి సాకు దొరకదు. అవును మే, మర్చిపోయినా, అంటే అయిపోతుంది. జేజి కూడా నమ్మినట్టే ఉంటుంది. ఓబుళి అయితే నిజంగానే నమ్ముతుంది.

తాడు మళ్లీ వణికింది.

"మర్చిపోలేదు," అంది నాగూరమ్మ, పైకి వినపడేట్టు. "కావాలనే పెట్టలేదు. మొదటి కొక్కేనికి ఉండాది. తే."

ఓబుళి ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆ మూట ఎవరి కోసం కట్టిందో ఆమెకు తెలుసు. ఒకసారి అక్క ముఖం చూసి పరుగెత్తింది.

ఆమె వచ్చేదాకా నాగూరమ్మ అలాగే నిలబడింది. చెంపల మీద జారుతున్నదాన్ని తుడుచుకోవాలన్నా చెయ్యి ఖాళీ లేదు.

చిన్న రంపాన్ని సన్నతాడుకు కట్టి పైకి పంపారు. ఆ తర్వాత కోత చప్పుడే మారిపోయింది. కొమ్మను జేజి ముక్కముక్కగా కోసి పాక అవతలికి జారవిడిచింది. పాక కప్పు చెక్కు చెదరలేదు. చెన్నకేశులు దణ్ణం పెట్టి లోపలికి పోయాడు, కాసేపటికి మగ్గం చప్పుడు వినపడింది.

జేజి దిగి వేరు మీద కూలబడింది. రెండు అరచేతులూ ఎర్రగా బొబ్బలెక్కి ఉన్నాయి. ఓబుళి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమెకు తాగించింది. తర్వాత ఓబుళి నాగూరమ్మ ఎదుటికి వచ్చింది. అక్కా అనలేదు. చెంబు ఆమె పక్కన నేల మీద పెట్టి వెళ్లి, కోసిన కొమ్మలు ఏరసాగింది.

నాగూరమ్మ చెంబు ముట్టుకోలేదు. తాడు ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

"రంపం పళ్లు చూసినావు. పట్టీ చూసినావు," అంది, నేల చూస్తూ. "అంతా తెలిసి ఎట్లెక్కినావు జేజీ?"

జేజి ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, తాడు చేతిలోకి తీసుకుంది. మోచేతికీ బొటనవేలికీ మధ్య మెల్లగా చుట్ట చుట్టింది.

"తాడు మంచిదే ఏరినావు గదా మే."