ఇంటికి వెళ్ళిన గుమ్మెట

సాంబయ్య కూతురు గౌరి మూడు రోజులుగా బడికి పోవడం లేదు. మొదటి రోజు కడుపునొప్పి అంది. రెండో రోజు తలనొప్పి అంది. మూడో రోజు ఏ నొప్పీ చెప్పకుండా, "నేనిక చదవను నాయనా. నాకు రాదు" అంది. తొమ్మిదో తరగతి పిల్ల అంత నిదానంగా ఆ మాట అనేసరికి సాంబయ్య హడలిపోయాడు.

అతను బుర్రకథ వంతగాడు. లింగమూర్తి గురువుగారు తంబూరా భుజాన వేసుకుని కథ చెబుతుంటే, కుడిపక్కన గుమ్మెట పట్టుకుని పన్నెండేళ్ళుగా నిలబడుతున్నాడు. దరువు వేయడం, 'తందాన తాన' అందుకోవడం, సందు చూసుకుని "ఆ తర్వాతేమైందన్నా?" అని అడగడం అతని పని. ఆటలో కథకుణ్ణి వంతగాడు 'అన్నా' అనే పిలవాలి. కిందకు దిగాక గురువు గురువే, శిష్యుడు శిష్యుడే.

గురువుగారికి డెబ్బై దాటాయి. ఈ మధ్య కథ నడుమ ఒక్కోసారి చరణం జారిపోతోంది. అప్పుడు సాంబయ్య పనితనం చూడాలి. పోయిన మాటను అందించడు. అందిస్తే జనానికి తెలిసిపోతుంది, పెద్దాయన చిన్నబోతాడు. దరువు కాస్త పెంచి, ఆఖరి చరణాన్నే మరోసారి పాడి, ఏమీ ఎరగనివాడిలా "ఆ తర్వాతేమైందన్నా?" అంటాడు. ఆ కాస్త వ్యవధిలో ముసలాయనకు మాట దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న వెయ్యి మందిలో ఒక్కడికీ అనుమానం రాదు. ఆ విషయంలో సాంబయ్యకు కొంచెం గర్వం ఉండేది. ఉండదూ మరి!

అంతటి వంతగాడూ ఇంటికొస్తే వేరే మనిషి.

అతను చదివింది రెండో తరగతి. చెవి మాత్రం పాదరసం. ఏదైనా రెండుసార్లు వింటే పొల్లు పోకుండా పట్టేస్తాడు. సాయంత్రం కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి పాఠం రెండుసార్లు చదివించేవాడు, తర్వాత పుస్తకం మూయించి చెప్పమనేవాడు. మొక్కలు ఆహారం తయారుచేసుకోవడం అంటే ఏమిటో అతనికి తెలియదు గానీ, ఆ పాఠంలో ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం వస్తుందో తెలుసు.

"ఆకు పచ్చగా ఉంటుంది..." అని గౌరి మొదలుపెట్టేది.

"కాదు. 'పత్రము హరిత వర్ణములో ఉండును.' మళ్ళీ చెప్పు."

"పత్రము హరిత వర్ణంలో..."

"'వర్ణములో'. మళ్ళీ."

చిన్నప్పుడు ఒక సినిమా చూసొస్తే ఊరంతటికీ ఆ కథ చెప్పిన పిల్ల అది. ఏడాది తిరిగేసరికి తండ్రి ముందు గొంతు పెగలడం మానేసింది. తర్వాత బడిలోనూ అంతే అయింది. మూడు నెలల పరీక్షల్లో సైన్సులో పద్నాలుగు వచ్చాయి. ఆ కాగితం చూసి సాంబయ్య పాఠం చెప్పించే వేళ ఇంకో గంట పెంచాడు. ఆ వారమే పిల్ల మంచం ఎక్కింది.

నాలుగో రోజు పొద్దున్నే అతను గురువుగారి ఇంటికి వెళ్ళాడు. లింగమూర్తి వాకిట్లో కూర్చుని గుమ్మెటను ఎండకు పెట్టి, తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి చూస్తున్నాడు.

"గురువుగారూ, మీరొచ్చి మా గౌరికి ఒక మాట చెప్పాలి. మీరు చెబితే వింటది."

"ఏం చెప్పమంటావురా?"

"ధైర్యం చెప్పండి. శ్రద్ధగా చదువుకోమనండి. నా కష్టంలో లోపం లేదు గురువుగారూ. రోజూ దగ్గర కూర్చోబెట్టుకుంటున్నా. ఒక్క తప్పు పోనివ్వను."

"ఒక్కటీ పోనివ్వవా?"

"ఒక్కటి కూడా."

లింగమూర్తి లేచి లోపలికి వెళ్ళి తంబూరా తెచ్చాడు. తెచ్చి సాంబయ్య భుజాన వేశాడు.

"ఇయ్యాల నువ్వు కథ చెప్పు. నేను వంత."

ఆ బరువు కోసం సాంబయ్య పన్నెండేళ్ళు ఎదురుచూశాడు. వచ్చిన పని ఆ క్షణాన మరిచిపోయాడంటే అతన్ని తప్పుపట్టలేం. గజ్జెలు కట్టుకున్నాడు, గురువుగారి పాదాలకు దణ్ణం పెట్టాడు, కరువులో ఒంటిచేత్తో బావి తవ్విన నీలమ్మ కథ ఎత్తుకున్నాడు. నిద్రలో లేపినా చెప్పగలిగిన కథ అది.

"కరువొచ్చి ఊరంతా కన్నీళ్ళు పెట్టంగా..."

"'పెట్టంగా' కాదు, 'కార్చంగా'" అన్నాడు లింగమూర్తి.

"కన్నీళ్ళు కార్చంగా, గడ్డపార భుజానేసి నీలమ్మ..."

"పలుగు."

"పోయిన నెల మీరే గడ్డపార అన్నారు గురువుగారూ!"

"ఇయ్యాల పలుగు. మళ్ళీ చెప్పు."

సాంబయ్య మళ్ళీ చెప్పాడు. గొంతు తగ్గిందన్నాడు గురువు. పెంచాడు. అరుస్తున్నావన్నాడు. తగ్గించాడు. అడుగు తప్పిందన్నాడు. అడుగు చూసుకుంటే చరణం తప్పింది. గురువు ఒక్కసారైనా 'తందాన' అనలేదు. గుమ్మెట మోకాలి మీద ఊరికే పడి ఉంది. నీలమ్మ బావిలో సగం దిగాక సాంబయ్యకు ఆ పైన ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పాపం నీలమ్మ పైకి రాలేక, కిందకు దిగలేక అక్కడే నిలబడిపోయింది.

"ఏందిరా, కథ రాదా నీకు?"

"వచ్చు గురువుగారూ! పన్నెండేళ్ళ నుంచి వింటున్నా, రాకపోవడమేంది? మీరట్టా మాట మాటకీ..."

అక్కడితో ఆగిపోయాడు. లింగమూర్తి అతని వంక చూడలేదు. గుమ్మెట ఎత్తి చంకన పెట్టుకుని, "మొదటి నుంచి" అన్నాడు.

ఈసారి మొదటి చరణానికే దరువు పడింది. "తందాన తాన" అన్నాడు గురువు, కొత్తగా చేరిన కుర్ర వంతగాడిలా ఉత్సాహంగా. కన్నీళ్ళు పెట్టినా, కార్చినా ఏమీ అనలేదు. గడ్డపారకూ అడ్డు చెప్పలేదు. కానీ సాంబయ్య బెదురు ఇంకా పూర్తిగా తీరలేదు. బావి సగంలోకి వచ్చేసరికి చరణం మళ్ళీ జారింది.

దరువు పెరిగింది. ఆఖరి చరణం ఇంకోసారి వినిపించింది.

"ఆ తర్వాతేమైందన్నా?" అన్నాడు లింగమూర్తి.

డెబ్బై ఏళ్ళ మనిషి, విద్య నేర్పిన మనిషి, తనను అన్నా అని పిలిచి, నిజంగానే తెలియనట్టు కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూస్తున్నాడు. సాంబయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. కథ దొరికింది. గురువుగారి మాటలతో కాదు, తన మాటలతోనే దొరికింది. నీలమ్మ గడ్డపార తడిమట్టికి తగిలింది, నీళ్ళు ఉబికాయి, కథ ఒడ్డుకు చేరింది.

సాంబయ్య చెమట తుడుచుకుని తంబూరా భుజం మీంచి దించాడు.

లింగమూర్తి గుమ్మెటను అతని చేతుల్లో పెట్టాడు. "మూడు వారాలు ఆటల్లేవు గదా. దీన్ని ఇంటికి తీసుకుపో."

ఆటకు తప్ప వాయిద్యాలు గురువుగారి ఇల్లు దాటకూడదని ఆ దళంలో కట్టడి. సాంబయ్య ఆశ్చర్యపోయాడు. "ఇంటికా? మరి గౌరికేం చెప్పమంటారు గురువుగారూ?"

పెద్దాయన అప్పటికే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఒళ్ళో గుమ్మెట పెట్టుకుని కూర్చున్న తండ్రిని గౌరి అనుమానంగా చూసింది.

"ఏ పాఠం చెప్పాలి?"

"పాఠం వద్దు తల్లీ. ఆ ఆకు సంగతేందో కథలా చెప్పు."

"ఆకు పచ్చగా ఉంటుంది" అని గౌరి తనంతట తనే ఆగిపోయింది. భుజాలు దగ్గరకు ముడుచుకుంది.

'పత్రము' సాంబయ్య పళ్ళ దాకా వచ్చి నిలబడింది. దాన్ని మింగడం ఎంత కష్టమో అతనికే తెలియాలి. ఒక దరువు వేశాడు.

"ఆ తర్వాతేమైంది తల్లీ?"

"తర్వాతా? తర్వాత... ఎండ వస్తుంది. వేళ్ళు నీళ్ళు పంపిస్తాయి. ఆకు గాలి తీసుకుంటుంది. అన్నీ కలిపి దానికి కావాల్సిన తిండి అది చేసుకుంటుంది."

"ఏందీ, ఆకు వంట చేసుకుంటదా?" ఇది వంతగాడి ప్రశ్న కాదు. సాంబయ్యకు నిజంగానే తెలియదు. "పొయ్యి లేకుండానే?"

"ఎండే పొయ్యి నాయనా!"

పొయ్యి ఊదుతున్న గౌరి తల్లి నాంచారమ్మ ఇటు తిరిగింది. "మనకూ అట్టాంటి పొయ్యి ఉంటే బాగుండు" అంది. గౌరి నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినిపించి ఎన్నాళ్ళయిందో! సాంబయ్య గుమ్మెట మీదికి వంగి తోలు సరిచేస్తున్నట్టు నటించాడు.

అంతటితో అంతా చక్కబడలేదు. ఒకరోజు అలవాటు చొప్పున "కాదే, మళ్ళీ" అని నోరు జారాడు. గౌరి పుస్తకం మూసేసి రెండు రోజులు కథ చెప్పలేదు. ఆ రెండు రోజులూ సాంబయ్య అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పిల్లే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ పై సోమవారం ఎవరూ చెప్పకుండానే సంచి తగిలించుకుని బడికి వెళ్ళింది.

మూడు వారాలు దాటినా గుమ్మెటను తెచ్చిమ్మని గురువుగారు అడగలేదు. ఆట ఉన్నరోజు సాంబయ్య దాన్ని తీసుకెళ్ళేవాడు, తిరిగి తెచ్చుకునేవాడు.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇచ్చిన రోజు లింగమూర్తి వాళ్ళింట్లోనే ఉన్నాడు. అటుగా వెళ్తూ మజ్జిగ తాగడానికి ఆగాడు. గౌరి వచ్చి గడప దగ్గరే నిలబడి కాగితం తండ్రికి ఇచ్చింది. అంకెలు చదవడం సాంబయ్యకు వచ్చు. సైన్సులో ముప్ఫై ఒకటి. గట్టెక్కాలంటే ముప్ఫై అయిదు రావాలి.

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. సాంబయ్య గొంతులో పాత మాటలన్నీ ఒక్కసారి కదిలాయి. నాలుగు మార్కులు ఎక్కడ పోగొట్టావు? ఎందుకు పోగొట్టావు? ఇన్నాళ్ళూ ఏం చదివావు?

అతను లేచి గోడకు వేలాడుతున్న గుమ్మెట తీశాడు. ఒక దరువు వేశాడు.

"ఆ తర్వాతేమైంది తల్లీ?"

గౌరి కళ్ళు తుడుచుకుంది. సంచి దించి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"పరీక్షలో ఆ వేళ్ళ సంగతి దగ్గర తడబడ్డా నాయనా. అక్కణ్ణుంచి చెప్తా, విను."

గోడవారగా కూర్చున్న లింగమూర్తి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా వంత అందుకున్నాడు.

"తందాన తాన..."